మొదటి నవల: బొల్లారం బంగళా, ఒక కీర్తన, ఒక దురాత్మ. దీన్ని ఎవరు చదువుతారు?

నాచారం నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్కారం, మా వాళ్లకి వందనాలు.

ఉండేది నాచారంలో, ఉద్యోగం మాదాపూర్‌లో, పేరులోనే ఉంది కదా, నైట్ షిఫ్ట్. రెండున్నరేళ్లుగా ఆఫీసు క్యాబ్‌లో పోతూ వస్తూ ఫోన్‌లో టైప్ చేసి ఒక నవల పూర్తి చేశాను. మా డ్రైవర్ అన్నకి కథ మొత్తం నోటికి వచ్చు. క్రైస్తవ నేపథ్యంలో అతీంద్రియ థ్రిల్లర్ అని నేను చెప్పుకుంటాను, మా చెల్లెలు మాత్రం "చర్చి దయ్యం కథ" అంటుంది.

కథ టూకీగా ఇది. బొల్లారంలో బ్రిటిష్ కాలం నాటి బంగళాని లేడీస్ హాస్టల్‌గా మారుస్తారు. అందులో ఉండే ఒక నర్సింగ్ అమ్మాయి నిద్రలో ముసలావిడ గొంతుతో పాత కీర్తన పాడుతుంటుంది. ఆ అమ్మాయి క్రైస్తవురాలు కాదు, ఆ పాట ఎక్కడా విని ఎరగదు. పాటంతా పొల్లు పోకుండా పాడుతుంది కానీ ఒక్క చరణం మాత్రం ప్రతిసారీ వదిలేస్తుంది. హీరో చర్చిలో కీబోర్డ్ వాయించే కుర్రాడు, వాళ్లమ్మ పోయాక ప్రార్థన మానేసి ఆదివారం ఆదివారం డబ్బుల కోసం వాయిస్తుంటాడు. ఆ చరణం ఎందుకు వదిలేస్తోందో వీడు పట్టుకోవాలి.

ఇప్పుడు నా టెన్షన్లు. చివర్లో పాస్టర్ గారు వచ్చి యేసు నామంలో గద్దించగానే ఆ అమ్మాయిలోని దురాత్మ వెళ్లిపోతుంది, అమ్మాయికి విడుదల. చదివిన ఫ్రెండ్ "ఇంతేనా? ఈ మాత్రానికి 280 పేజీలు ఎందుకురా, పాస్టర్‌ని రెండో పేజీలోనే పిలవాల్సింది" అన్నాడు. కోపం వచ్చింది కానీ జవాబు దొరకలేదు. ఇంకోటి, మా సంఘంలో ఒక పెద్దాయన దయ్యాల గురించి రాస్తే మహిమ దయ్యాలకే పోతుంది అంటారు, ఆఫీసులో వాళ్లేమో మత ప్రచారమా అని నవ్వుతారు. ఇద్దరి మధ్యా నేను. మూడోది, ఒక ప్రచురణ సంస్థ వాళ్లు 85 వేలు కడితే ప్రింటింగ్, ఆవిష్కరణ సభ, సోషల్ మీడియా అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు. కట్టొచ్చా? కట్టకపోతే నాలాంటి పేరూ ఊరూ లేనివాడి పుస్తకం జనంలోకి ఎలా వెళ్తుంది?

పాత పుస్తకాల పిచ్చి:

నేను క్రైస్తవుణ్ని కాదు, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునే రకం, కాబట్టి పాఠకుడి వైపు నుంచే చెప్తాను. మీ ఫ్రెండ్ అన్నది నిజం. కానీ అతను కనిపెట్టింది సగమే. ముగింపులో యేసు నామం ఉండటం తప్పు కాదు, ఆ నామం పలకడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాకపోవడమే తప్పు. చెక్ మీద సంతకం పెట్టినట్టు పాస్టర్ గారు వచ్చి పని చూసుకుని వెళ్లిపోయారు. మీ కీబోర్డ్ కుర్రాడు ఏం చేశాడు అప్పుడు? గుమ్మం దగ్గర నిలబడ్డాడా? కథ వాడిదైతే ముగింపూ వాడిదే కావాలి. ప్రార్థన మానేసినవాడు నోరు తెరిచి ఆ వదిలేసిన చరణం పాడాల్సి వస్తే, అది వాళ్లమ్మ సమాధి దగ్గర వాడు పాడలేక ఆగిపోయిన చరణమే అయితే, నాలాంటి దేవుడు పట్టనివాడు కూడా పేజీ వదలడు.

తెలుగువాళ్లకి చేతబడి, కాష్మోరా కథలు కొత్త కాదు. యండమూరి నవల తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో వారం వారం ఎదురుచూసి చదివిన వాళ్లందరూ మంత్రాలు నమ్మినవాళ్లేం కాదు. అందులో ఒక పక్క క్షుద్ర విద్య, ఇంకో పక్క వైద్యం, హిప్నాటిజం పెట్టి ఇది నిజమా కాదా అని పాఠకుణ్ని చాలాసేపు గోడ మీద కూర్చోబెడతాడు. మీ నవలలో మొదటి పేజీలోనే "ఇది దురాత్మ" అని తేల్చేస్తే ఇక నాకు పని లేదు. డాక్టర్ ఒక మాట చెప్పాలి, హాస్టల్ వార్డెన్ ఒక మాట, పాస్టర్ ఒక మాట, మూడూ కాసేపు నిజమే అనిపించాలి.

ఇంకొక్కటి, కటువుగా ఉంటే ఏమనుకోకండి. మీ కథలో చెడు ఎటు నుంచి వస్తుంది? బొట్టు పెట్టుకున్న మంత్రగాడి నుంచో, ఏ చెట్టు కింద రాయి నుంచో వస్తే పుస్తకం అక్కడే మూసేస్తాను, నాతో పాటు సగం ఊరు మూసేస్తుంది. బంగళా కట్టించిన దొర చేసిన పాపమో, ఆ ఇంట్లో రోజూ కీర్తనలు పాడిన మనిషే దాచిన నేరమో అయితే, చర్చి తన ఇంటి చెత్త తానే ఎత్తిపోసుకున్నట్టు ఉంటుంది, దాన్ని ఎవరూ ప్రచారం అనరు. జాషువా గారి క్రీస్తు చరిత్రకి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దాన్ని తెలుగువాళ్లు కావ్యంగానే చదివారు, కరపత్రంగా కాదు.

ఇంతకీ వదిలేసే చరణం ఏది?

కీర్తనల అక్క:

తమ్ముడూ వందనాలు. సికింద్రాబాద్‌లో సండే స్కూల్ చెప్తాను, ఇరవై రెండేళ్లు అయింది. మీ సంఘం పెద్దాయనకి నా తరఫున ఒక మాట చెప్పు, దయ్యాల గురించి రాయకూడదంటే మార్కు సువార్తలో పేజీలు చించుకోవాలి అని. (నేను చెప్పానని మాత్రం చెప్పకు.)

పైన ఆయన అన్న "ఖర్చు" మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే బైబిలులోనే అలా ఉంది. అపొస్తలుల కార్యములు 19 తియ్యి. స్కెవ కొడుకులు ఏడుగురు. యేసు నామం మంత్రంలా వాడబోతే ఆ దయ్యం యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరు అని అడిగి మీదపడి కొడితే బట్టలు లేకుండా, గాయాలతో పారిపోయారు. నీ ఫ్రెండ్ "రెండో పేజీలోనే పిలవాల్సింది" అన్నాడు కదా, పిలువు! రెండో పేజీ కాకపోతే అరవయ్యో పేజీలో పిలువు. మంచి సూటు, మంచి మైకు ఉన్న ఒకాయన వచ్చి అవే మాటలు గట్టిగా అరిచి, దెబ్బతిని పోవాలి. అప్పుడు నామం సరిపోలేదా, మనిషి సరిపోలేదా అన్న భయం పాఠకుడికి పట్టుకుంటుంది. దానియేలు 10లో అయితే ప్రార్థనకి జవాబు తెస్తున్న దూతనే పారసీకుల రాజ్యాధిపతి 21 రోజులు అడ్డుకుంటాడు. ఆ ఇరవై ఒక్క రోజులూ కింద దానియేలుకి ఆ సంగతి తెలియదు, నోటికి రుచికరమైనది పెట్టుకోకుండా దుఃఖంలో ఉన్నాడు. అంతకన్నా సస్పెన్స్ ఏముంది?

ఎవరూ పట్టించుకోని విషయం ఇంకోటి చెప్తాను, డబ్బు. గెరాసేనుల దేశంలో సేన అనే దయ్యాలు పట్టినవాడు బాగుపడితే ఊరివాళ్లు సంతోషించారా? ఇంచుమించు రెండు వేల పందులు నీళ్లలో పడి చచ్చాయి, దయచేసి మా ప్రాంతం విడిచిపో అని ప్రభువునే బతిమాలారు. ఫిలిప్పీలో సోదె చెప్పే చిన్నదానికి విడుదల వస్తే దాని యజమానులు ఆదాయం పోయిందని పౌలు సీలలని కొట్టించి జైల్లో వేయించారు. నీ హాస్టల్ ఓనరు ఎవరు? అమ్మాయి బాగుపడితే అతనికి నష్టమా లాభమా? ఆ సంగతి బయటికి పొక్కితే పిల్లలు ఖాళీ చేస్తారు, అడ్వాన్సులు తిరిగి ఇవ్వాలి. ఆ భయం దయ్యం భయంకన్నా హైదరాబాద్‌లో ఎక్కువ నిజం.

చివరిది కొంచెం బరువైన మాట. మాకు తెలిసిన కుటుంబంలో ఒక పిల్లకి ఫిట్స్ వస్తే దయ్యం అన్నారు, మూడు వారాలు ఉపవాస కూడికలు పెట్టారు, మందులు ఆపేశారు. అది మూర్ఛ వ్యాధి. ఇప్పుడు మాత్రలు వేసుకుని డిగ్రీ చదువుతోంది, కానీ ఆ మూడు వారాలు నేను మర్చిపోలేదు, నేనూ ఆ కూడికల్లో కూర్చున్నాను కాబట్టి. నీ నవలలో ఆ అమ్మాయిని ముందు డాక్టర్‌కి చూపించు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు ఎత్తగానే ఇంట్లో వాళ్లు ఎలా ముడుచుకుపోతారో అదీ రాయి. డాక్టర్‌ని తెలివితక్కువవాడిగా చెయ్యకు.

డీటీపీ అన్న:

85 వేలు కట్టకు.

కారణం చెప్తాను. రచయిత దగ్గర నుంచి డబ్బు ముందే వచ్చేసినవాడికి పుస్తకం అమ్మాల్సిన అవసరం ఏముంటుంది? ఆవిష్కరణ సభ అంటే ఒక హాలు, ఒక శాలువా, నలభై ఫొటోలు. అందరూ మోసగాళ్లని అనను, కానీ ఎన్ని కాపీలు వేస్తారు, ఏ కాగితం, మిగిలిన కాపీలు ఎవరివి, హక్కులు ఎవరివి అని నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి చూడు, సగం మంది ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) విడిగా డబ్బులు అడిగితే మాత్రం లేచి వచ్చెయ్. అది రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఢిల్లీ నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, రచయిత తానే అప్లై చేసుకోవచ్చు.

అసలు గొడవ వేరే ఉంది. నువ్వు ఫోన్‌లో టైప్ చేశావు, అంటే యూనికోడ్ (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో చూసినా చదవగలిగే అక్షరాల పద్ధతి). మన ఊళ్లో చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్స్ అనే పాత అక్షరాలు, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. యూనికోడ్ నుంచి అనుకి మార్చినప్పుడు వత్తులు జారిపోతాయి, కొన్ని చోట్ల సున్నాలు ఎగిరిపోతాయి, కొటేషన్ గుర్తులు వింత అక్షరాలు అయిపోతాయి. నువ్వు ఎంత బాగా ప్రూఫ్ చూసి పంపినా మార్చాక మళ్లీ మొత్తం చదవాల్సిందే. వీలైతే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లని వెతుక్కో, రేపు ఈ-బుక్‌కి కూడా అదే ఫైల్ పనికొస్తుంది.

సైజు డెమీ (మామూలు నవల సైజు) చాలు. పేజీలు 16కి ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే కట్ట) లెక్క, 272 పేజీలైతే సరిగ్గా 17 ఫారాలు, 275 అయిందనుకో ఇంకో ఫారానికి డబ్బు పెట్టి ఖాళీ పేజీలు కొనుక్కున్నట్టే. మొదటి పుస్తకం కాబట్టి వెయ్యి కాపీలు వేయకు. డిజిటల్‌లో 200 వేయించి చూడు. ఒక్కో కాపీ ధర, ఎక్కువ కాపీలకి వాడే ఆఫ్‌సెట్ కంటే ఎక్కువే పడుతుంది, కానీ మంచం కింద అట్టపెట్టెలు ఉండవు. షాపుల వాళ్లకి కమీషన్ ఇవ్వాలి, మా దగ్గర వేయించుకున్న కొందరు ధరలో 40 శాతం దాకా ఇచ్చారు, అది లెక్కలో ఉంచుకునే ధర పెట్టు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి కూడా. 1954 నాటి చట్టం. ఎవరూ పంపరు, నువ్వు పంపు.

అమెజాన్ కిండిల్ ఈ-బుక్ అంటావేమో. 2016 చివర్లో వాళ్లు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చారు, తెలుగు లేదు. అప్‌లోడ్ చేసే ముందు భాషల జాబితాలో మనది ఉందో లేదో చూసుకో, వేరే భాష పేరు పెట్టి దొంగదారిన ఎక్కిస్తే తీసేస్తారు.

గోడ మీద పిల్లి:

ఎవరూ అడగలేదు కానీ చట్టం సంగతి. భారతీయ న్యాయ సంహిత 299, పాత ఐపీసీలో 295ఏ. ఏ వర్గం మత భావాలనైనా కావాలని, ద్వేషంతో గాయపరిచేలా రాస్తే నేరం. కల్పిత కథ కదా అంటే సరిపోదు. అలాగని భయపడి ఏమీ రాయకుండా ఉండక్కర్లేదు, కావాలని అవమానించే ఉద్దేశం ఉందా అన్నది చూస్తారు. నిజంగా ఉన్న చర్చి పేరు, బంగళా పేరు మాత్రం మార్చు. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి చిన్నదేం కాదు, 1847 నాటిది, 1983లో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజుకి వచ్చి ప్రార్థనలో కూర్చున్న చర్చి. అందులో నీ సూటు పాస్టర్‌ని పెట్టి కొట్టించావంటే చదివినవాడు నవల పక్కన పెట్టి ఆయనెవరా అని వెతుకుతాడు.

నాచారం నైట్‌షిఫ్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న పొద్దున ఇవి చదివి నిద్ర పట్టలేదు.

పాత పుస్తకాల అన్నా, మీరు పట్టేశారు, రెండో అధ్యాయంలో ఒక మంత్రగాడు ఉన్నాడు, బొట్టుతో సహా. ఎందుకు పెట్టానంటే అన్ని సినిమాల్లో ఉంటాడు కదా అని. వాణ్ని తీసేశాను. తీసేస్తే కథకి ఏమీ కాలేదు, 14 పేజీలు తగ్గాయి అంతే. చరణం ఏదో మాత్రం ఇక్కడ చెప్పను.

అక్కా, హాస్టల్ ఓనరుకి నా నవలలో పేరు కూడా లేదు. ఇప్పుడు అతని మీదే రెండు అధ్యాయాలు రాస్తున్నాను. ఫిట్స్ సంగతి చదివి మా ఇంట్లో ఒక విషయం గుర్తొచ్చింది, అది ఇక్కడ రాయలేను.

కానీ ప్రచారం సంగతి ఎవరూ చెప్పలేదు. మా పాస్టర్ గారిని ఆదివారం ప్రకటనల్లో ఒక మాట చెప్పమంటే "చూద్దాం బ్రదర్" అన్నారు. చూద్దాం అంటే ఏంటో మీకు తెలుసు.

సగం పెట్టెలు మంచం కింద:

పేరు చూసి నవ్వకండి, నిజమే. మూడేళ్ల కింద కథల పుస్తకం వేసుకున్నాను, 500 వేస్తే 240 అమ్ముడుపోయాయి, ఊరికే పంచినవి పోను మిగతావి మంచం కింద ఉన్నాయి. కాబట్టి ఏం చేయకూడదో చెప్పే అర్హత నాకుంది.

నేను చేసిన మొదటి తప్పు, 70 కాపీలు ఊరికే పంచాను. ఊరికే వచ్చిన పుస్తకం ఎవరూ చదవరు, చుట్టాలు అసలు చదవరు. రెండో తప్పు, పోస్టర్ మీద "ఆత్మీయ యుద్ధం గురించిన అద్భుత రచన" అని వేయించాను. అది చూసి చర్చి వాళ్లు ప్రసంగాల పుస్తకం అనుకున్నారు, బయటివాళ్లు అసలు ముట్టుకోలేదు. నీకు ఆ కష్టం లేదు తమ్ముడూ, నీ మాట నీ ప్రశ్నలోనే ఉంది: "పాటంతా పాడుతుంది, ఒక్క చరణం వదిలేస్తుంది." ఇక్కడ ఒకరికి అప్పుడే ఏ చరణం అని దురద పుట్టింది (నాకూ పుట్టింది, రెండో మనిషిగా రాసుకో). అట్ట వెనక అదొక్కటే వెయ్యి. ఇంకేం వెయ్యకు, నీ ఫొటో కూడా వద్దు.

పాస్టర్ గారి ప్రకటన మీద ఆశ పెట్టుకోకు. ఆయన ఇబ్బంది ఆయనది, ఒక పుస్తకం పేరు చెప్తే రేపు నలుగురు వాళ్ల వాళ్ల పుస్తకాలతో వస్తారు. యూత్ మీటింగ్ వాళ్లని అడుగు. వాళ్లకి ప్రతి నెలా ఏదో ఒక కార్యక్రమం కావాలి. లైట్లు కొంచెం తగ్గించి ఒక అధ్యాయం చదివి వినిపించు, కీబోర్డ్ వాయించే పిల్లాడు పక్కన కీర్తన మెల్లగా వాయిస్తే ఇంకా మంచిది, ఆ చరణం దగ్గర ఆపేసి కూర్చో. నేను అలా ఒక్కసారే చేశాను, ఆ సాయంత్రం 31 కాపీలు పోయాయి, నా మొత్తం అమ్మకంలో అదే పెద్ద రోజు.

ప్రతిలిపి యాప్‌లో మొదటి ఎనిమిది, పది అధ్యాయాలు వారానికోటి పెట్టు. అక్కడ దయ్యాల కథలకి చదివేవాళ్లు ఉన్నారు, ఎక్కడ ఆగిపోతున్నారో కూడా కామెంట్లలో తెలిసిపోతుంది. మొత్తం మాత్రం పెట్టకు. పీడీఎఫ్ ఎవరికీ పంపకు, మీ చెల్లెలికి కూడా, వాట్సాప్ గ్రూపులోకి వెళ్తే ఇక అంతే. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ ఉంటుంది, ఒక్కడివే స్టాల్ తీసుకోలేవు, ఇద్దరు ముగ్గురు రచయితలు కలిసి తీసుకుంటే అద్దె పంచుకోవచ్చు, లేదా ఎవరి స్టాల్‌లోనైనా కాపీలు పెట్టించుకో. అదే నెల క్రిస్మస్, మా వాళ్ల చేతిలో బహుమతులకి డబ్బు ఉండే నెల. పుస్తకం నవంబర్ చివరికి చేతికి రాకపోతే ఇంకో ఏడాది ఆగినట్టే లెక్క.

ఇంకా, అమెరికాలో ఈ రకం నవలకి బాట వేసిన ఫ్రాంక్ పెరెట్టి పుస్తకం 1986లో వచ్చింది. మొదట్లో మెల్లగానే కదిలింది, చదివినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ పోతే తర్వాత లక్షల్లో అమ్ముడుపోయింది. నీకు లక్షలు రావు, నాకూ రాలేదు. కానీ మొదటి నెలలో పది కాపీలే పోయాయని మంచం ఎక్కి పడుకోకు.

కీర్తనల అక్క:

పాట సంగతి ఒకటి మర్చిపోయాను. ఇప్పటి యూట్యూబ్ పాటల సాహిత్యం ఎత్తి పెట్టకు తమ్ముడూ, అనుమతి అడగాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారివైతే ఆ బాధ లేదు, ఆయన 1890లోనే ప్రభువు దగ్గరికి వెళ్లారు. బంగళా ముసలావిడ కాలానికి కూడా అవే సరిపోతాయి. బైబిలు వాక్యాలు ఎక్కువగా వాడితే మాత్రం ఏ అనువాదమో లోపల పేజీలో రాసి, ప్రచురించినవాళ్లకి ఒక ఉత్తరం పెట్టు.

నాచారం నైట్‌షిఫ్ట్:

అక్కా, ఆయన కీర్తనే! ఎలా కనుక్కున్నారు?

డీటీపీ అన్న:

సరే, ఇప్పుడు నా మాట విను. కీర్తన వచ్చిన ప్రతి చోటా పాట లైన్లు విడి పేరాలో పెట్టి పంపు, మామూలు మాటల మధ్య కలపకు. పాత కీర్తనల్లో అరసున్నాలు, బండి ఱలు ఉంటాయి, ఫాంట్ మార్చేటప్పుడు ముందు పోయేవి అవే. నీ దయ్యం ఒక్క చరణమే వదిలేస్తోంది, మా ఆపరేటర్‌కి వదిలేస్తే నాలుగు ఎగరగొడతాడు.